పాములను పెంచవచ్చునా?

"పాముకు పాలు పోసి పెంచినట్లు" అనునది మన తెలుగువారి నోట తరచుగా వినబడు మాట. ఉపకారము చేసినవానికే అపకారము తలపెట్టు కృతఘ్నుని గూర్చి చెప్పునపుడు పెద్దలు దీనిని వాడుదురు. ఈ మాటను పుట్టించినవారికి పామును పెంచుట యనునది ఊహకు మాత్రమే తగిన పని. బుద్ధి గలవాడెవ్వడును చేయని పని. కాని నేడు మన విద్యార్థులు సెల్‌ఫోనులలో చూచుచున్న దృశ్యములు వేరు. అమెరికా దేశమున ఒక బాలుడు ఆరడుగుల పామును మెడలో వేసికొని నవ్వుచుండును. అది వాని భుజము మీదుగా మెల్లగా ప్రాకుచుండును. ఇట్టివానిని చూచి మన పిల్లలు "అయ్యా, మనమును పామును పెంచవచ్చునా?" అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నను కసరి త్రోసివేయుట సులభము. కాని కసరుట వలన బాలుడు ప్రశ్నను మానునే గాని కోరికను మానడు. కావున ఆ పాములెట్టివి, వానిని అచ్చటివారెట్లు పెంచుచున్నారు, మనమేమి చేయదగును అను విషయములను నెమ్మదిగా విచారింతము.

అమెరికావారు ఇండ్లలో పెంచు పాములు పలు జాతులవి. వానిలో పేరు పొందిన యొక కుటుంబమును ఉదాహరణముగా గైకొందము. పైన్ పాము, బుల్ పాము, గోఫర్ పాము అని వాని పేర్లు. ఈ మూడును దగ్గరి చుట్టములు. శాస్త్రజ్ఞులు వీనినన్నిటిని 'పిట్యువోఫిస్' అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. గ్రీకు భాషలో ఆ మాటకు 'పైన్ చెట్ల పాము' అని యర్థము. పైన్ అనగా మన హిమాలయములలో పెరుగు సరళవృక్షపు జాతి చెట్టు. అమెరికా తూర్పు, ఆగ్నేయ భాగములందలి ఇసుక నేలలలో అట్టి చెట్ల యడవులు కలవు; పైన్ పాము అచ్చటిది. బుల్ పాము నడిమి మైదానములలో, పచ్చికబయళ్లయందును పొలములయందును తిరుగును. గోఫర్ పాము పడమట పసిఫిక్ సముద్రతీరము వరకు వ్యాపించి యున్నది. గోఫర్ అనునది నేలలో సొరంగములు త్రవ్వి నివసించు ఎలుక వంటి జంతువు. దానిని వెదకి తినుటచే ఈ పామునకు ఆ పేరు వచ్చినది.

ఈ పాములకు విషము లేదు. సాధారణముగా నాలుగు మొదలు ఆరడుగుల పొడవు పెరుగును. బుల్ పాములలో ఎనిమిదడుగులు దాటినవియు కలవు. ముక్కు చివర గట్టి పొలుసుండుటచే ఇసుకను త్రవ్వగలవు. న్యూజెర్సీ రాష్ట్రపు పైన్ అడవులలో ఆడుపాము తానే ఇసుకలో సొరంగము త్రవ్వి అందు గ్రుడ్లు పెట్టును. ఎలుక కలుగులో దూరినపుడు చుట్ట వేయుటకు చోటు చాలదు గదా! అప్పుడు తన శరీరముతోనే ఎలుకను కలుగు గోడకు అదిమి చంపును. ఒకేసారి రెండు మూడు పిల్లలనైనను అట్లు అదిమి పట్టగలదు. పంటను కాపాడు మిత్రముగా దీనిని ఎరిగిన రైతులు దీని జోలికి పోరు.

వీని బుస మరియొక వింత. గొంతులో శ్వాసనాళపు ద్వారమున పలుచని రేకు వంటి భాగము కలదు. గాలి బలముగా వెలువడునపుడు అది కంపించి బుసను పెద్దది చేయును. కోపించిన ఎద్దు వలె బుసకొట్టుటచేతనే బుల్ పామునకు ఆ పేరు కలిగెనని చెప్పుదురు. అంతటితో ఆగక, తలను వెడల్పు చేసి, తోకను ఎండుటాకులలో టపటప కొట్టి, ఆ దేశపు విషసర్పమైన ర్యాటిల్ పాము వలె నటించును. ఈ వేషము శత్రుజంతువులను బెదరించుటకు పనికివచ్చును. కాని మనుష్యుని యెదుట ఆ వేషమే దానికి మృత్యువగుచున్నది. విషసర్పమని భ్రమించి జనులు దానిని కొట్టి చంపుదురు. తెలియనితనము పామునకు ఎట్లు శత్రువో చూడుడు. తెలియనితనము మనుష్యునికి ఎట్లు శత్రువగునో ముందు చూతము.

ఇట్టి పామును ఇంటిలో పెంచుట ఎట్టి పని? సెల్‌ఫోనులో మనకు కనబడునది రెండు నిమిషములే. దాని వెనుక నున్న ఇరువదేండ్లు కనబడవు. ఈ పాములు సరియైన పోషణలో 20 సంవత్సరములకు మించి జీవించును. పదమూడేండ్ల వయస్సున బాలుడు తెచ్చిన పాము, వాడు చదువు ముగించి, ఉద్యోగమున చేరి, పెండ్లియాడి, బిడ్డల తండ్రియైన తరువాతను బ్రతికియే యుండవచ్చును. దానికి కనీసము నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టె కావలెను. పాము తన శరీరమున వేడిని పుట్టించుకొనజాలదు. కావున ఆ పెట్టెలో ఒక కొన సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనమును, మరియొక కొన 24 డిగ్రీలకు మించని చల్లదనమును ఉండవలెను. అప్పుడది తనకు వలసిన చోటికి తానే జరుగును. దాగుటకు గూడు, త్రాగుటకు మంచినీరు, త్రవ్వుటకు మెత్తని పొట్టు అమర్చవలెను. మూతకు గట్టి గడియ ఉండవలెను. ఏలయన త్రవ్వుట స్వభావముగా గల ఈ పాము ముక్కుతో ప్రతి సందును నెట్టి చూచును.

ఆహారమో, ఎలుకలు. వానిని ప్రత్యేకముగా పెంచి, చంపి, మంచులో గడ్డకట్టించి అంగళ్లలో అమ్ముదురు. పెంచువారు వానిని కరగించి, వారమునకో పది దినములకో ఒకసారి పామునకు పెట్టుదురు. బ్రతికియున్న ఎలుకను విడిచినచో అది పామునే కొరికి గాయపరచవచ్చును. తిన్న పిమ్మట రెండు దినములు పామును ముట్టరాదు. ముట్టినచో తిన్నది కక్కివేయును. గ్రుడ్లు పెట్టించి పిల్లలను చేయదలచినవారు చలికాలమున రెండు మూడు నెలలు దానిని చల్లని చీకటి చోట శీతనిద్రలో ఉంచవలెను. కుబుసము విడుచు దినములలో దాని కన్నులు మసకబారును. అప్పుడును దాని జోలికి పోరాదు. ఇన్ని నియమములను తప్పక పాటించువాడే పామును పెంచుటకు అర్హుడు. పాలు పోయువాడు కాడు. పాము పాలు త్రాగు జంతువు కాదు. పాములాడించువారు దానిని దినముల తరబడి దప్పికతో ఉంచుటచే అది యెదుట పెట్టిన ద్రవమును త్రాగును, అంతియే.

నియమము తప్పక పెంచువారి వలన మేలును కలదనుట న్యాయము. వారు పెంచు పాములలో చాలవరకు అడవి నుండి పట్టితెచ్చినవి కావు. ఇండ్లలోనే గ్రుడ్ల నుండి పుట్టినవి. ఆ పిల్లలు మనుష్యుని చేతిని చిన్ననాటనుండి ఎరిగి యుండును. వానిని పెంచిన బాలుడు పాము పేరు చెప్పగానే కఱ్ఱ తీయడు. లూసియానా పైన్ పాము అను జాతి కథ ఇందులకు నిదర్శనము. టెక్సాస్, లూసియానా రాష్ట్రములలో దాని యడవులు నరకబడి, ఆ యడవులకు అవసరమైన చిన్న మంటలును ఆర్పివేయబడుటచే, గోఫర్లును పాములును తరిగిపోయెను. 2018లో ఆ దేశ ప్రభుత్వము దానిని ఆపదలో నున్న జాతుల పట్టికలో చేర్చినది. అమెరికా పాములలో కెల్ల పెద్ద గ్రుడ్లు పెట్టునది ఇదియే. కాని ఒక్కొక్క ఈతకు మూడు మొదలు అయిదు గ్రుడ్లు మాత్రమే పెట్టును. కావున తగ్గిన సంతతి తిరిగి పెరుగుట కష్టము. జంతుప్రదర్శనశాలలు కొన్ని దీనిని పెంచి, పిల్లలను చేయించి, 2010 మొదలుకొని లూసియానా యందలి కిసాచీ జాతీయారణ్యమున విడుచుచున్నవి. పెంచు విద్య ఇచ్చట అడవికి తోడ్పడినది. పెంచుట యొక్క గొప్ప ఫలము పెట్టెలో నుంచుట కాదనియు, తిరిగి అడవికి అప్పగించుటయే యనియు దీనివలన తెలియుచున్నది.

అయినను పెంచుటకు హద్దులు కలవు. మొదటిది, పాము కుక్క వలె యజమానిని ప్రేమింపదు. భయము మానును; ఓర్చుకొనును; అంతకు మించి ఆశింపరాదు. రెండవది, ఆరోగ్యము. పాములు, తాబేళ్లు మొదలగు ప్రాణుల దేహముపై సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి యుండును. అది మనుష్యులకు విరేచనములు, జ్వరము కలిగించును. కావుననే అయిదేండ్లలోపు పిల్లలున్న యింట ఇట్టి ప్రాణులను ఉంచరాదని అమెరికా ఆరోగ్యశాఖవారు హెచ్చరించుచున్నారు. మూడవది, పెంచువారు విసిగినపుడు కలుగు అనర్థము. బర్మా దేశపు కొండచిలువలు ఇండ్లనుండియు అంగళ్లనుండియు తప్పించుకొని, లేదా విడువబడి, ఫ్లోరిడా రాష్ట్రపు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలలో వ్యాపించి, అచ్చటి జంతువులను తినివేసినవి. 2012లో ఆ పాముల దిగుమతిని ప్రభుత్వము నిషేధించినది. కాలిఫోర్నియా నుండి పెంపునకై కొనిపోబడిన మరియొక పాము అట్లాంటిక్ సముద్రమందలి గ్రాన్ కనేరియా ద్వీపమున అడవి పట్టి, అచ్చటి బల్లి జాతులకు మృత్యువై యున్నది. విషము లేని పామైనను తనది కాని చోట విడువబడినచో విషమే.

నాలుగవది, చట్టము. అమెరికాలోను ఎవరికి తోచినట్లు వారు పెంచుటకు వీలు లేదు. జార్జియా రాష్ట్రమున ఆ నేలపై పుట్టిన విషరహిత సర్పములను ప్రజలు ఇండ్లలో ఉంచుకొనరాదు. పరదేశపు పామునకు లేని రక్షణ స్వదేశపు పామునకు కలదన్నమాట. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలకు ఇట్టి కోరిక కలిగినచో, వారు తమ రాష్ట్రపు చట్టము తెలిసికొని, ఇంట పుట్టిన పిల్లనే గైకొని, ఇరువదేండ్ల బాధ్యతకు సిద్ధపడి పెంచుకొనవచ్చును. అందు తప్పేమియు లేదు.

ఇక మన విషయము. హోసూరు సీమలో మనకు ఆ బుల్ పాము లేదు. కాని దాని వంటి బంధువు కలదు; అదియే జెర్రిపోతు. ఇదియు విషము లేనిది, ఆరడుగులు దాటి పెరుగునది, ఎలుకలను వెదకి కలుగులలో దూరునది. రాగి చేనిలోను వేరుసెనగ చేనిలోను దీనిని చూడని రైతు బిడ్డ యుండడు. మగ జెర్రిపోతులు రెండు పెనవేసికొని లేచుట చూచి, అది నాగుపాముతో జతకట్టుచున్నదని మనవారు చెప్పుకొందురు. అది జత కాదు, రెండు మగపాముల బలపరీక్ష. ఇంత మేలు చేయు జెర్రిపోతును చూడగానే చంపువారు కొందరు, సెల్‌ఫోనులోని దృశ్యమును తలచుకొని పట్టి సంచిలో వేసికొన జూచువారు మరికొందరు. ఇద్దరిదియు తప్పే.

ఏలయన, మొదటి కారణము ప్రాణము. అమెరికా బాలుని చేతిలోని పాము ఏ జాతిదో, ఎచ్చట పుట్టినదో అమ్మినవానికి తెలియును. మన చేని గట్టున దొరకిన పాము ఏదో చెప్పువారెవరు? రక్తపింజరి పిల్లను చూచి కొండచిలువ పిల్లయని చేత పట్టినవారు కలరు. విషము లేని పాములలో కట్లపామును పోలినవి కలవు. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షల మంది మరణించిరని, అనగా ఏటికి సగటున 58,000 మంది యని, 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. వారిలో పెక్కుమంది పల్లెవారు, అనగా మనవంటివారు. విషసర్పములు కొద్దిగా నున్న దేశములో చేయదగిన వినోదము, నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగును తిరుగు నేలపై చేయదగినది కాదు.

రెండవ కారణము చట్టము. 1972లో ఏర్పడి 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన పాములను పట్టుట, చంపుట, ఇంట నుంచుట నేరములు. జెర్రిపోతును సరదాకై పెట్టెలో పెట్టిన బాలుని తండ్రి అధికారుల యెదుట నిలువవలసి వచ్చును. రెండు తలల పామని పిలువబడు ప్రాణి ఇంట నున్న ధనము కలుగునని చెప్పి, దానిని లక్షలకు అమ్మజూపు మోసగాండ్రు మన సరిహద్దు జిల్లాలలో తరచుగా పట్టుబడుచున్నారు. ఆ ప్రాణికి రెండు తలలు లేవు. మొద్దు తోక తల వలె కనబడును. ధనము కలుగుట యటుండగా, చెరసాల కలుగును. పరదేశపు పాములను దొంగచాటుగా తెచ్చి చెన్నై, బెంగళూరు విమానాశ్రయములలో చిక్కినవారి వార్తలును మనము చదువుచునే యున్నాము. ఇరుకు పెట్టెలలో, మేజోళ్లలో కుక్కబడి వచ్చు ఆ ప్రాణుల దుఃఖము వార్తలో వ్రాయబడదు.

మూడవ కారణము చేను. ఆడు ఎలుక మూడు వారములలో ఈనును. ఒక్కొక్క ఈతకు ఆరేడు పిల్లలను కనును. చేని గట్టు నుండి ఒక జెర్రిపోతును తొలగించినవాడు ఎన్ని ఎలుకల కుటుంబములకు అభయమిచ్చినవాడగునో లెక్కల పుస్తకము మూయకయే చూచుకొనవచ్చును. పెట్టెలో నుంచిన పామునకు మనము ఎలుకను కొని పెట్టవలెను. గట్టుపై నున్న పాము మన ధాన్యమును తిను ఎలుకను తానే వెదకికొని తినును. ఈ రెంటిలో ఏది మేలైన పెంపకము?

"అమెరికావాడు చేసిన ముద్దు, మేము చేసిన నేరమా?" అని తెలివిగల విద్యార్థి ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. జవాబు దేశములో లేదు, పాములో కలదు. ఇంట పుట్టి, పరీక్షింపబడి, చట్టమునకు లోబడి పెంచబడునది ఒకటి. స్వేచ్ఛగా తిరుగుచు తన పని తాను చేసికొనుచుండగా దోచుకొని తెచ్చినది మరియొకటి. జార్జియావాడు తన యడవి పామును ముట్టనట్లే మనము మన చేని పామును ముట్టరాదు. ఇరువురకును ధర్మమొక్కటే.

అట్లయిన మన పిల్లల కుతూహలమును ఏమి చేయుదము? చంపవలదు; దానికి దారి చూపుదము. మొదట పేర్లు నేర్పుదము. మన ప్రాంతమున మూడు భాషలు కలిసి నడచుచున్నవి. జెర్రిపోతును తమిళులు సారైప్పాంబు అందురు. కన్నడిగులు కేరెహావు అందురు. నాగుపామును తమిళులు నల్లపాంబు అందురు. తెలుగు బాలుడు అది నల్లని పామని భ్రమపడరాదు. తమిళమున 'నల్ల' యనగా 'మంచి'. రక్తపింజరి వారికి కణ్ణాడి విరియన్, కన్నడిగులకు కొళకుమండల. పొరుగువాడు "కణ్ణాడి విరియన్" అని కేక వేసినపుడు అర్థము కాక నిలిచిన తెలుగు బాలునికి ఆ క్షణమున భాషయే ప్రాణము. ఇంట అమ్మమ్మ రాత్రివేళ పాము అనక "పురుగు" అనును; ఆ మాటయు తెలిసియుండవలెను.

ఈ పేర్ల వెనుక మనము గర్వింపదగిన చరిత్రయు కలదు. విశాఖపట్టణమున నుండిన ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు కోరమండల తీరపు పాములను గూర్చి 1796లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు మన ప్రజలు వాడు తెలుగు పేర్లనే పెక్కింటిని వ్రాసికొనెను. రక్తపింజరికి ఆయన వ్రాసిన తెలుగు పేరు 'కాటుక రేకుల పొడ'. నేడు లోకమున ఆ పాము రస్సెల్ పేరనే పిలువబడుచున్నది. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బుంగారస్' అను పేరు మన 'బంగారు' అను మాటనుండి పుట్టినది. పామును చూచి పారిపోక, పట్టితెచ్చి బాధింపక, నిలిచి చూచి పేరు పెట్టిన తెలుగు రైతు ఎవరో మనకు తెలియదు. కాని అతని మాటను నేటికిని ప్రపంచమెల్ల పలుకుచున్నది.

రెండవది, చూచు విద్య. పామును దూరమునుండి చూచి, తేది, చోటు, రంగు, అది చేయుచున్న పని నోటు పుస్తకమున వ్రాయవచ్చును. బొమ్మ గీయవచ్చును. దగ్గరగా చూడదలచిన చెన్నైలోని గిండీ పాముల ఉద్యానమునకో, మనకు దగ్గరనున్న బన్నేరుఘట్టకో తల్లిదండ్రులు తీసికొని పోవచ్చును. ఇరులవారి కథ తెలిసికొనవచ్చును. పాము చర్మముల వ్యాపారము సాగిన దినములలో వారు చర్మములకై పాములను పట్టిరి. ఆ వ్యాపారము నిషేధింపబడగా, 1978లో చెన్నై సమీపమున వారి సహకార సంఘము వెలసినది. ప్రభుత్వపు అనుమతితో విషసర్పములను పట్టి, విషమును తీసి, తిరిగి విడిచివేయుదురు. పాముకాటునకు వాడు మందు తయారగుట చాలకాలముగా ఆ విషము మీదనే ఆధారపడి యున్నది. పామును చేతబట్టుట ఆటగా కాక విద్యగా నేర్చినవారు వారు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఇంటిలో పాము కనబడినపుడు పిల్లల యెదుట దానిని కొట్టి చంపి కఱ్ఱకు వ్రేలాడదీయకుడు. తలుపు మూసి, అటవీశాఖవారికి కబురు పెట్టుడు. కాటు పడినపుడు కోయుట, పీల్చుట, బిగించి కట్టుట, మంత్రము వేయించుట మాని, కాటుపడిన అవయవమును కదలనీయక, 108 బండిలో వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. నాగుల చవితినాడు పుట్టకు మ్రొక్కి, మరునాడు జెర్రిపోతును చంపు భక్తి ఎట్టి భక్తియో ఆలోచింపుడు.

విద్యార్థులారా! పామును పెంచవచ్చునా యని మీరడిగితిరి. పెంచవచ్చును. పెట్టెలో కాదు, గట్టుమీద. పాలు పోసి కాదు, దారి విడిచి. దాని పుట్టను త్రవ్వక, దాని పొదను కాల్చక, దాని పేరును మరువక యుండుటయే మనము చేయగల పెంపకము. ఆ పెంపకమునకు ఖర్చు లేదు, చట్టపు భయము లేదు. మన చేనిలోని ధాన్యమే దానికి ప్రతిఫలము.